చిన్నపిల్లల్లో ఈస్ట్ సమస్య: ఏది నిజం, ఏది అనుమానం, ఇంట్లో మనం ఏం చేయొచ్చు

ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం చేసే కుటుంబాల నుంచి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న తల్లుల నుంచి ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "పాపకి నాలుక మీద తెల్లగా పూత వస్తోంది", "బాబుకి గజ్జల్లో ఎర్రగా ఒరుసుకుపోయింది, ఎంతకీ తగ్గట్లేదు", "కడుపు ఉబ్బరం, తీపి కోసం ఏడుపు, ఇది కడుపులో ఈస్ట్ పెరగడం వల్లేనంట కదా, తిండి మార్చి తగ్గించుకోవచ్చా?" అని.

పై వీడియోలో కొంత చెప్పుకున్నాం. వీడియోలో అన్నీ వివరంగా చెప్పడం కుదరదు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి. "ఇవి మాత్రం వద్దు" అన్న భాగాన్ని మాత్రం వదిలేయకండి. అందులో ఉన్నవి చాలావరకు మన రైతుల ఇళ్లలోనే ఉండే వస్తువులు.

అసలు ఈ ఈస్ట్ ఏంటి?

ఈస్ట్ అంటే ఒకే కణం ఉండే ఫంగస్. ఇడ్లీ పిండిలో, కల్లులో, బ్రెడ్డులో పనిచేసేవి కూడా ఈస్టులే. పిల్లల్లో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా కాండిడా అనే రకం, అందులోనూ కాండిడా ఆల్బికాన్స్. ఇది బయటి నుంచి వచ్చి పడే శత్రువు అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఇది ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. పుట్టేటప్పుడో, ఆ తర్వాత తల్లి చర్మం నుంచో బిడ్డకు చేరుతుంది.

ఇది మన పొలం మట్టి లాంటి వ్యవహారం అన్నమాట. మట్టిలో వేరుకుళ్లు తెచ్చే ఫంగస్ ఎప్పుడూ ఉంటుంది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలుచేసే సూక్ష్మజీవులు దండిగా ఉన్నంతకాలం దానికి చోటు దొరకదు. అవి తగ్గినప్పుడు, నీళ్లు నిలిచినప్పుడు అదే ఫంగస్ విజృంభిస్తుంది. పిల్లల ఒంట్లోనూ అంతే. కాండిడా ఉండటం జబ్బు కాదు. దానికి అడ్డుగా ఉన్నవి తగ్గిపోయి, తడి, వేడి దొరికినప్పుడే జబ్బు అవుతుంది.

ఎందుకు పెరుగుతుంది?

మొదటిది, యాంటీబయాటిక్ మందులు. ఇవి బాక్టీరియాను చంపుతాయి, ఈస్టును చంపవు. చెడ్డ బాక్టీరియాతో పాటు మంచి బాక్టీరియా కూడా పోతే ఈస్టుకు పోటీ తగ్గుతుంది. చేలో అన్నిటినీ చంపే మందు కొడితే ముందుగా మళ్లీ లేచేది మొండి కలుపే కదా, అలాగే. దీని అర్థం యాంటీబయాటిక్ ఎప్పుడూ వాడకూడదని కాదు. నిమోనియా వస్తే అదే ప్రాణం నిలబెడుతుంది. కానీ మామూలు జలుబు, పడిశం వైరస్ వల్ల వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. "గట్టి మందు రాయండి సార్" అని మనమే అడగడం మానాలి. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకోవడం అసలు వద్దు.

రెండోది, వయసు. నెలల పిల్లల్లో రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా తయారవదు. అందుకే ఆరు నెలల లోపు నోటి పూత మామూలుగా కనిపించే విషయమే.

మూడోది, తడి. గంటల తరబడి మార్చని డైపరు, ఆరని గుడ్డ, మెడ మడతల్లో చెమట.

నాలుగోది, ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ మందులు. ఇవి మానకూడదు గానీ, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. చిన్నపిల్లలైతే నీళ్లు తాగించి, తడిగుడ్డతో నోరు తుడవాలి.

కంటికి కనిపించేవి రెండు

ఒకటి నోట్లో. నాలుక మీద, బుగ్గల లోపల, పెదాల లోపల పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని ఉంటుంది. దీన్నే డాక్టర్లు త్రష్ అంటారు. పాలు తాగినప్పుడు మిగిలే తెలుపుకీ, దీనికీ తేడా సులువుగా కనిపెట్టొచ్చు. పాల తెలుపు తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది, నాలుక మీద తప్ప మిగతా చోట్ల పెద్దగా ఉండదు. త్రష్ తుడిస్తే పోదు. గట్టిగా రుద్దితే కింద ఎర్రగా పుండులా కనిపిస్తుంది, ఒక్కోసారి రక్తం కూడా చెమరుస్తుంది. అందుకే రుద్ది తీయొద్దు.

రెండోది గజ్జల్లో, పిరుదుల దగ్గర. ఇక్కడా ఒక గుర్తు ఉంది. మూత్రం తడికి, గుడ్డ ఒరుపుకి వచ్చే ఎరుపు పైకి ఉబ్బెత్తుగా ఉండే చోట్ల ఉంటుంది, మడతల లోపల చర్మం బాగానే ఉంటుంది. ఈస్ట్ వల్ల వచ్చేది మడతల లోపలే ముదురు ఎరుపుగా ఉంటుంది. దాని చుట్టూ చిన్నచిన్న ఎర్రటి పొక్కులు చల్లినట్టు ఉంటాయి. రెండు మూడు రోజులు ఆరబెట్టి శుభ్రంగా ఉంచినా తగ్గకపోతే ఈస్ట్ అని అనుమానించాలి.

ఈ రెండూ డాక్టరు కంటితో చూసి చెప్పగలరు. సాధారణంగా పరీక్షలేవీ అక్కర్లేదు.

మరి "కడుపులో ఈస్ట్ పెరిగింది" అనే మాట?

ఇక్కడే ఎక్కువ గందరగోళం ఉంది. కడుపు ఉబ్బరం, చిరాకు, నిద్రపట్టకపోవడం, తీపి మీద యావ, చదువు మీద ధ్యాస లేకపోవడం, చివరికి మాటలు ఆలస్యంగా రావడం, ఆటిజం దాకా అన్నిటికీ పేగుల్లో ఈస్టే కారణం అని వీడియోల్లో చెబుతుంటారు. ఈ ఆలోచన అమెరికాలో పుట్టింది. విలియం క్రూక్ అనే డాక్టరు 1983లో రాసిన 'ద ఈస్ట్ కనెక్షన్' పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. చక్కెర, ఈస్ట్ కలిసిన తిండి మానేయాలి, యాంటీఫంగల్ మందులు వాడాలి అన్నది దాని సారాంశం.

మూడేళ్లకే, 1986లో, అమెరికాలోని అలర్జీ డాక్టర్ల సంఘం దీన్ని పరిశీలించి, ఇది రుజువు కాని ఊహ అని ప్రకటించింది. 1990లో ఇలాంటి లక్షణాలున్న 42 మంది మహిళల మీద ఒక పరీక్ష జరిగింది. వాళ్లకు కొంతకాలం నిస్టాటిన్ అనే యాంటీఫంగల్ మందు, కొంతకాలం మందు లేని ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. ఒంటి నీరసం, మనసు చిరాకు లాంటి లక్షణాలు రెండిటితోనూ ఒకేలా తగ్గాయి. అంటే ఆ లక్షణాలకు ఈస్ట్ కారణమని తేలలేదన్నమాట.

పొద్దున్నే గ్లాసు నీళ్లలో ఉమ్మి, అది తోకలుగా కిందికి దిగితే ఈస్ట్ ఉన్నట్టే అనే పరీక్ష ఒకటి తిరుగుతోంది. దానికి ఏ విలువా లేదు, ఎవరి ఉమ్మైనా అలా దిగొచ్చు. మలంలో కాండిడా కనిపించిందని రిపోర్టు వచ్చినా అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలోనూ అది ఉంటుంది.

"జీవామృతంలో బెల్లం వేస్తాం కదా?"

మన రైతులు అడిగే మంచి ప్రశ్న ఇది. 200 లీటర్ల జీవామృతంలో రెండు కిలోల బెల్లం వేసేది సూక్ష్మజీవులు పెరగడానికే. అలాంటప్పుడు పిల్లవాడి కడుపులోకి వెళ్లే తీపి ఈస్టును పెంచదా?

డ్రమ్ములో వేసిన బెల్లం డ్రమ్ములోనే ఉంటుంది. పిల్లవాడు తిన్న తీపి అలా ఉండదు. చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లిపోతుంది, సూక్ష్మజీవులు గుంపులుగా ఉండే పెద్దపేగు దాకా చేరేది తక్కువ. 1999లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో 28 మంది ఆరోగ్యవంతులకు అదనంగా చక్కెర పదార్థాలు పెట్టి చూశారు. పేగుల్లో కాండిడా మీద దాని ప్రభావం పరిమితంగానే కనిపించింది.

అయితే నోటి సంగతి వేరు. తీపి పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల నోట్లో ఆ తీపి రాత్రంతా నిలిచి ఉంటుంది. అక్కడ అది ఈస్టుకీ మేతే, పళ్లు పుచ్చే బాక్టీరియాకీ మేతే. కాబట్టి తీపి తగ్గించడం మంచి పనే. కారణం మాత్రం పళ్లు, ఆకలి చచ్చిపోవడం, పోషకాలు లేని తిండితో పొట్ట నిండిపోవడం. "తీపి మానితే కడుపులో ఈస్ట్ చచ్చిపోతుంది" అన్న నమ్మకంతో పిల్లలకు అన్నం, పళ్లు, పాలు అన్నీ మాన్పించడం మాత్రం ప్రమాదం. పెద్దవాళ్లు చేసే కఠిన పథ్యం రెండేళ్ల పిల్లకు పెడితే బరువు పడిపోతుంది. బరువు పడిపోయిన పిల్లకు నిజంగానే ఈస్ట్, విరేచనాలు, దగ్గు అన్నీ పట్టుకుంటాయి.

ఇంకో మాట. మనం చేసిన సేంద్రియ బెల్లమైనా, తాటి బెల్లమైనా, పట్టిక బెల్లమైనా పిల్లల పళ్లకు తీపి తీపే. రెండేళ్ల లోపు పిల్లల తిండిలో విడిగా తీపి కలపకుండా ఉండటమే మంచిది. అరటిపండు, సపోటా, మామిడి లాంటి పళ్లలో ఉండే తీపికి భయపడక్కర్లేదు, పండు ముక్కగానో మెదిపో పెట్టండి.

ఆ లక్షణాలకు వేరే కారణాలు చూసుకోండి

"ఈస్ట్" అని మనమే పేరు పెట్టేసుకుంటే అసలు కారణం దాగిపోతుంది. మన పల్లెల్లో ముందు చూడాల్సినవి ఇవి.

- రాత్రిపూట మలద్వారం దగ్గర దురద: ఎక్కువగా నులిపురుగులు. అంగన్‌వాడీల్లో, బడుల్లో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో జరిగే నులిపురుగుల దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. ఏడాది దాటిన పిల్లలకు వేయించండి. రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్రే.
- మట్టి, సుద్ద, బియ్యం తినడం, పాలిపోవడం, చిరాకు: రక్తహీనత. తీపి మానితే తగ్గదు, ఐరన్ కావాలి.
- విరేచనాలు తగ్గాక కూడా పాలు తాగితే ఉబ్బరం, నీళ్ల విరేచనం: కొన్నాళ్లపాటు పాలలోని చక్కెర అరగకపోవడం. సాధారణంగా పేగు కోలుకున్నాక సర్దుకుంటుంది.
- కడుపు ఉబ్బి, గట్టి మలం: మలబద్ధకం. నీళ్లు, పీచు, వేళకు కూర్చోబెట్టడం.
- విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, మూత్రానికి చీమలు పట్టడం, బరువు తగ్గడం, వీటితోపాటు గజ్జల్లో తగ్గని ఈస్ట్: ఇది పిల్లల్లో వచ్చే షుగర్ జబ్బు కావొచ్చు. అదే రోజు రక్తంలో షుగర్ చూపించాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మాటలు రాకపోవడం, కళ్లలోకి చూడకపోవడం ఉంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి త్వరగా తీసుకెళ్లాలి. పథ్యాలు చేస్తూ ఏడాది పోగొట్టుకుంటే ఆ వయసు మళ్లీ రాదు.

తిండితో మనం చేయగలిగింది

*ఆరు నెలల లోపు:* తల్లిపాలు మాత్రమే. నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలలో బిడ్డకు అరగని ఒక రకం చక్కెరలు ఉంటాయి. అరగని చక్కెర ఎందుకు అంటారా? అది బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని బిఫిడో బాక్టీరియా కోసం. మనం నేలకు జీవామృతం ఇచ్చినట్టు తల్లి తన పాలతో బిడ్డ పేగులకు ఇస్తుందన్నమాట. ఇంతకు మించిన ప్రకృతి వైద్యం లేదు.

బిడ్డకు నోటి పూత ఉన్నా పాలు మాన్పించొద్దు. తల్లి చనుమొనల్లో మంట, పగుళ్లు, సూదులు గుచ్చినట్టు నొప్పి ఉంటే తల్లికీ, బిడ్డకూ ఒకేసారి మందు వాడాలి. ఒకరికే వాడితే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. పాలసీసా, పీక వాడుతుంటే రోజూ కడిగి మరిగించాలి. వీలైతే సీసా మానేసి ఉగ్గుగిన్నె, చెంచా వాడండి, శుభ్రం చేయడం తేలిక.

*ఆరు నెలల నుంచి ఏడాది:* తల్లిపాలు కొనసాగిస్తూ మెత్తని తిండి మొదలుపెట్టాలి. పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా ఉడికించిన కిచిడి, మెదిపిన చిలగడదుంప, గుమ్మడి, ఆకుకూర వేసిన పప్పన్నం, గుడ్డు, మొలకెత్తిన రాగి జావ. ప్రతి గిన్నెలో ఒక చెంచా నెయ్యో నూనో వేయండి. చెంచాలో తీసి వంచితే జారిపోయేంత పల్చగా ఉండకూడదు. పల్చటి జావతో పొట్ట నిండుతుంది గానీ బలం రాదు.

మొలక రాగి పిండి ఇలా చేసుకోండి. రాగులు రాళ్లు లేకుండా కడిగి 12 గంటలు నానబెట్టాలి. నీళ్లు వంచేసి పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, తడి ఆరకుండా చూస్తూ ఒక రోజు నుంచి రెండు రోజులు ఉంచితే సన్నగా మొలక వస్తుంది. ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి జల్లించాలి. మొలకెత్తితే ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే పదార్థాలు తగ్గుతాయి, జావ ఎక్కువ పిండి వేసినా మరీ గట్టిపడదు. మూటలో బూజు వాసన వచ్చినా, రంగు మారినా మొత్తం పారేయండి. కడిగి వాడొద్దు.

ఈ వయసులోనే ఇంట్లో తోడేసిన పెరుగు చెంచాతో మొదలుపెట్టొచ్చు. పాలు బాగా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక, శుభ్రమైన గిన్నెలో తోడు వేయాలి. పుల్లబడకముందే తాజాగా పెట్టాలి. పెరుగులోని బాక్టీరియా పేగులకు మంచిదే. అయితే అది ఆహారం, మందు కాదు. నోట్లో పూత ఉంటే పెరుగు పూసి తగ్గించాలని చూడొద్దు.

*ఏడాది నుంచి ఐదేళ్లు:* ఇంట్లో అందరూ తినేదే, కారం తగ్గించి. అన్నం, సిరిధాన్యాలు, పప్పు, కూర, గుడ్డు, పెరుగు, పండు. ఇడ్లీ, దోసె, మజ్జిగన్నం, చద్దన్నం లాంటి పులిసిన తిండిలో ఈస్ట్ ఉంటుందని మానేయమంటారు కొందరు. ఆ అవసరం లేదు. ఇడ్లీ ఆవిరికి ఆ ఈస్ట్ చచ్చిపోతుంది. పైగా తిండిలో ఉండే ఈస్టు, పిల్లలకు జబ్బు చేసే కాండిడా వేరువేరు. చద్దన్నం మాత్రం శుభ్రమైన నీళ్లతో, మూతపెట్టి, ఒక్క రాత్రి నానింది మాత్రమే పెట్టండి. ఎండాకాలంలో వాసన తేడాగా ఉంటే వద్దు.

మాన్పించాల్సినవి బిస్కెట్లు, ప్యాకెట్ జ్యూసులు, కూల్‌డ్రింకులు, చక్కెర దండిగా ఉండే మాల్ట్ పొడులు, రాత్రి తీపి పాల సీసా. ఇవి మానిపిస్తే "ఈస్ట్ తగ్గింది" అనిపించేంత మార్పు చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. నిజానికి ఆకలి తిరిగి వచ్చి అన్నం తినడం మొదలుపెడతారు, మలం సాఫీగా అవుతుంది, చిరాకు తగ్గుతుంది. పేరు ఏదైనా ఫలితం మంచిదే.

ఏ మార్పు చేసినా నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డులో గీత చూడండి. గీత పైకి వెళ్తుంటే దారి సరైనదే. అడ్డంగా ఆగినా, కిందికి దిగినా పథ్యం వెంటనే ఆపండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, అప్పుడు ఆసుపత్రికే.

గజ్జల ఒరుపుకి ఇంటి పద్ధతి

రెండు మూడు గంటలకోసారి తడి గుడ్డ మార్చాలి, మలవిసర్జన చేస్తే వెంటనే. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, మడతల్లో పూర్తిగా ఆరనివ్వాలి. రోజులో కొన్ని గంటలు ఏమీ కట్టకుండా గాలికి వదిలేయండి. సగం వైద్యం ఇదే. పాత నూలుచీరల పొత్తిగుడ్డలు వాడొచ్చు. వాటిని వేడినీళ్లతో ఉతికి, సబ్బు పోయేలా జాడించి, మంచి ఎండలో ఆరేయాలి. బాగా ఆరాక పల్చగా కొబ్బరినూనె రాస్తే తడి నుంచి చర్మానికి అడ్డుగా ఉంటుంది. కొబ్బరినూనెలో ఉండే లారిక్, కాప్రిక్ ఆమ్లాలు ప్రయోగశాలలో కాండిడాను చంపిన మాట నిజం. గాజు పళ్లెంలో జరిగింది చర్మం మీద అంతే బలంగా జరుగుతుందని అనుకోలేం. కాబట్టి మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు రాసిన యాంటీఫంగల్ పూత వాడి, చెప్పిన రోజులు పూర్తి చేయండి.

ఇవి మాత్రం వద్దు

*తేనె:* ఏడాది లోపు ఒక్క చుక్క కూడా వద్దు. అడవి తేనె, మన పొలంలో పెట్టె తేనె ఏదైనా సరే. తేనెలో బొటులిజం తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పసిపిల్లల పేగుల్లో అవి మొలిచి విషం తయారుచేసి, కండరాలు చచ్చుబడేలా చేస్తాయి. పుట్టగానే నాలుక మీద తేనె రాసే అలవాటు కూడా మానాలి.

*వేపనూనె:* పురుగులకు కొట్టే డబ్బాయైనా, గానుగలో ఆడించినదైనా తాగించొద్దు. పసిపిల్లలకు వేపనూనె పట్టిస్తే వాంతులు, ఫిట్స్, మెదడు వాపు, మరణాలు కూడా జరిగినట్టు వైద్య పత్రికల్లో నమోదై ఉంది.

*బోరాక్స్ గ్లిజరిన్:* నోటి పూతకు పాతకాలం నుంచి రాసేది. బోరాక్స్ పసిపిల్లలకు విషం, ఫిట్స్ వస్తాయి.

*వెల్లుల్లి రసం, కర్పూరం, వస:* వెల్లుల్లి లేత చర్మాన్ని కాల్చేస్తుంది. కర్పూరం కొంచెం కడుపులోకి పోయినా ఫిట్స్ వస్తాయి. వస అరగదీసి నాకించడం వల్ల వాంతులయ్యి ఆసుపత్రి పాలైన పిల్లలు ఉన్నారు.

*గోమూత్రం, పంచగవ్య, జీవామృతం:* ఇవి నేలకు, పంటకు. పిల్లల నోట్లోకి కాదు. మన ఆవు ఎంత మంచిదైనా దాని పేడలో, మూత్రంలో పిల్లలను జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. పాలు కూడా పచ్చివి వద్దు, మరిగించినవే. ఏడాది లోపు తల్లిపాలకు బదులుగా ఆవుపాలు పెట్టొద్దు.

*అన్నీ కలిసిన ట్యూబులు:* మెడికల్ షాపులో "దురదకి" అంటే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే తగ్గి, మానగానే ఫంగస్ రెట్టింపు అవుతుంది. పిల్లల గజ్జల్లో పల్చటి చర్మం ఇంకా పల్చబడుతుంది.

మందు కూడా మట్టిలోంచే వచ్చింది

"మందు వాడితే ప్రకృతికి దూరమైనట్టే కదా" అని బాధపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఈస్టుకు వాడే నిస్టాటిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఒక పాడి రైతు పొలం మట్టి నుంచి. ఎలిజబెత్ హేజెన్, రాచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు మట్టి నమూనాలు సేకరించి, వాటిలో ఫంగస్‌ను అడ్డుకునే సూక్ష్మజీవి కోసం వెతికారు. వర్జీనియా రాష్ట్రంలో హేజెన్ స్నేహితులైన నర్స్ కుటుంబం పొలం నుంచి 1948లో తెచ్చిన మట్టిలో అది దొరికింది. ఆ కుటుంబం పేరుతోనే దానికి స్ట్రెప్టోమైసిస్ నర్సై అని పేరు పెట్టారు. 1950లో మందును ప్రకటించారు. న్యూయార్క్ రాష్ట్రం పేరు మీద నిస్టాటిన్ అన్నారు. దాని మీద వచ్చిన రాయల్టీ డబ్బును సొంతానికి వాడుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు.

తొలకరి వానకు వచ్చే మట్టి వాసన ఈ స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవుల వల్లే ఎక్కువగా వస్తుంది. మట్టిలో ఫంగస్‌ను అదుపులో పెట్టే జీవి నుంచే పిల్లల నోటి పూతకు మందు తీశారంటే, మనం నమ్మే సూత్రానికి ఇది దగ్గరే కదా. పైగా నిస్టాటిన్ పేగుల నుంచి రక్తంలోకి దాదాపు వెళ్లదు. మన దగ్గర ఎక్కువగా దొరికే క్లోట్రిమజోల్ నోటి పూత మందు కూడా డాక్టరు చెప్పిన మోతాదులో బాగా పనిచేస్తుంది.

ఇక్కడ మన వ్యవసాయంతో ఇంకో లింకు ఉంది. క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్ అజోల్ కుటుంబం మందులు. పంటల మీద కొట్టే టెబుకొనజోల్, ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్ కూడా అదే కుటుంబం. పొలాల్లో వీటి వాడకం వల్ల ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ మనుషుల మందులకూ లొంగకుండా తయారవుతోందని చాలా దేశాల్లో తేలింది. అవసరం లేని ఫంగస్ మందు చేలో కొట్టకపోవడం కూడా రేపటి పిల్లల మందును కాపాడటమే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు తెలియకుండానే ఈ మేలు చేస్తున్నారు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా
- నోటి పూతతో పాలు తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా
- నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పూత వచ్చినా
- మందు వాడినా పూత తగ్గకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా, ఏడాది దాటిన పిల్లలకు కారణం లేకుండా వస్తున్నా
- గజ్జల్లో చీము, పుండ్లు, జ్వరం ఉన్నా
- బరువు పెరగకపోయినా, పైన చెప్పిన షుగర్ లక్షణాలు కనిపించినా

మొత్తం మీద చెప్పేదేంటంటే, నోట్లో, గజ్జల్లో కనిపించే ఈస్ట్ నిజమైనది, సులువుగా తగ్గేది. కడుపులో ఈస్ట్ అన్నది చాలాసార్లు అనుమానం మాత్రమే, దాని వెనుక ఇంకేదో ఉంటుంది, అది వెతకాలి. తల్లిపాలు, ఇంటి తిండి, తాజా పెరుగు, ఆరిన గుడ్డ, అనవసరమైన యాంటీబయాటిక్ మానడం, ఈ ఐదూ పాటిస్తే బిడ్డ ఒంట్లోని మంచి సూక్ష్మజీవులు వాటి పని అవి చేసుకుంటాయి.

మీ ఇంట్లో పిల్లలకు ఏ తిండి బాగా పడింది, ఏది పడలేదు కింద రాయండి, మిగతా తల్లులకు పనికొస్తుంది. ఈ వ్యాసాన్ని, పైన వీడియోని మీ ఊరి అంగన్‌వాడీ టీచరుకి, ఆశా కార్యకర్తకి కూడా పంపండి.